సోరెల్ మీద మీ ప్రశ్నలు: గోంగూర దొప్పలతో వెస్టిండీస్ క్రిస్మస్ పానీయం

పోయిన సంచికలో వెస్టిండీస్ దీవుల క్రిస్మస్ వంటల గురించి రాస్తూ సోరెల్ మీద ఒక్క పేరా రాశాను. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లలో పండగ రోజు ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతిలో పెట్టేది ఈ ఎర్రటి పానీయమేననీ, అది మన గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్ర దొప్పలతో చేస్తారనీ. ఆ ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ అంతా సోరెల్‌కే ఇచ్చేస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా ఆఫీసులో జమైకా ఆవిడ ఒకరున్నారు. ప్రతి డిసెంబర్‌లో ఒక సీసా సోరెల్ తెచ్చి అందరికీ తలా కాస్త పోస్తారు. అల్లం ఘాటు, లవంగం వాసన, పులుపు, తీపి, భలే ఉంటుంది. ఎలా చేస్తారని అడిగితే "నానబెట్టడమే" అంటారు తప్ప కొలతలు చెప్పరు. ఈ ఏడాది నేనే చేసి ఆవిడకి ఇవ్వాలని ఉంది. మొదటి నుంచి చెప్పండి. (టొరంటో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆవిడ దాచుకుని చెప్పకపోవడం కాదండీ, ఇందులో అసలు పని నిజంగా నానబెట్టడమే. మన వాళ్లు చాలామంది మొదటిసారి చేసేటప్పుడు చారు కాచినట్టు గలగలా మరిగించేస్తారు, అక్కడే రుచి పోతుంది. మరిగించాల్సింది అల్లాన్నీ మసాలానీ మాత్రమే, ఎర్ర దొప్పల్ని కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా తేలిక.

రెండు లీటర్ల నీళ్లకి 75 గ్రాముల ఎండు దొప్పలు తీసుకోండి. మీ ఊళ్లో వెస్టిండీస్ సరుకుల దుకాణాలు బోలెడు, డిసెంబర్ వస్తే తాజావి కూడా వస్తాయి, లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టినవైనా దొరుకుతాయి. అవేవీ దొరక్కపోతే మెక్సికో సరుకులమ్మే చోట "ఫ్లోర్ దె హమైకా" అనీ, అరబ్బుల దుకాణాల్లో "కర్కదే" అనీ పెట్టిన పొట్లాలు చూడండి, అన్నీ ఇవే. టీ బ్యాగులు మాత్రం వద్దు, వాటిలో చాలాసార్లు వేరే ఆకులూ పువ్వులూ కలిపి ఉంటాయి, పైగా పొడి చేసి ఉండటంతో అడుగున మడ్డి దిగుతుంది.

అల్లం 100 గ్రాములు. అవును, అంతే వేయాలి, జమైకా సోరెల్‌లో అల్లం గొంతుకి తగలాలి. తొక్క కడిగి, కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తగా రుబ్బితే దాని పిండి పదార్థం దిగి పానీయం మసకబారుతుంది. శొంఠి దీనికి బదులు కాదు, దాని ఘాటు వేరు, ఆ తాజా వాసన రాదు. లవంగాలు 8, ఒక కమలాపండు తొక్క (లోపలి తెల్లటి పొర చేదు, అది రాకుండా పైపైన తీయండి), ఇంకా పిమెంటో గింజలు ఒక పది పన్నెండు. పిమెంటో అంటే మన సూపర్‌మార్కెట్లలో ఆల్‌స్పైస్ పేరుతో అమ్మేది, మిరియం కన్నా కాస్త పెద్దగా గోధుమ రంగులో ఉంటుంది. అది జమైకా చెట్టు, జమైకా వంటలో దాని చెయ్యి లేని కూర తక్కువ. దొరక్కపోతే ఇంకో రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, చిటికెడు జాజికాయ పొడి వేసుకోవచ్చు. దగ్గరగా వస్తుంది, అదే రుచి మాత్రం కాదు. టొరంటోలో ఉండి పిమెంటో లేకుండా చేయకండి, అక్కడ దొరుకుతుంది.

స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టి అల్లం, లవంగాలు, పిమెంటో, కమలా తొక్క వేసి ఒక పది నిమిషాలు మరగనివ్వండి. ఈలోపు దొప్పల్ని చల్లని నీళ్లలో ఒక్కసారి జాడించి తీసేయండి, దుమ్ము పోవడానికంతే, ఆ నీళ్లలో వదిలేస్తే రంగంతా అక్కడే దిగిపోతుంది. పొయ్యి ఆపేశాక దొప్పలు వేసి, గరిటెతో మునిగేలా అదిమి, మూత పెట్టి వదిలేయండి. అది దానంతట అది చల్లారాలి, చల్లారాక రాత్రంతా అలాగే ఉండాలి. పన్నెండు గంటలు తక్కువ కాకుండా నాననివ్వండి, ఒక రోజంతా ఉంచేవాళ్లూ ఉన్నారు, మీ వంటిల్లు వెచ్చగా ఉంటే చల్లారిన తరవాత ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు పల్చటి గుడ్డలో వడకట్టి దొప్పల్ని గట్టిగా పిండేయాలి, చివరి బొట్లలోనే చిక్కదనం ఉంటుంది.

పంచదార ఇప్పుడు వేయాలి, ముందు కాదు. 250 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచండి. చల్లగా తాగేటప్పుడు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి గది వేడిలో రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువే అనిపించాలి. వడకట్టిన దాంట్లోంచి ఒక గ్లాసుడు వేడి చేసి అందులో పంచదార కరిగించి మళ్లీ కలిపేస్తే సులువు. రమ్ వేస్తారా లేదా అనేది మీ ఇష్టం, వేసేదుంటే పూర్తిగా చల్లారాక వేయండి, వేడిలో వేస్తే ఆవిరైపోతుంది. జమైకాలో వాడేది 63 శాతం ఆల్కహాల్ ఉండే తెల్ల రమ్, అది రెండు లీటర్లకి 100 మిల్లీలీటర్లు చాలు. సీసాలకి పోసి ఫ్రిజ్‌లో ఇంకో రోజు ఉంచితే అల్లం, లవంగం, పులుపు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. ఆవిడకి ఇచ్చేది ఆ మర్నాటి సీసా అయితే బాగుంటుంది.

ప్రశ్న: మా పెరట్లో ఎర్ర గోంగూర ఉంది. కాయలు కాసిందంటే ముదిరిపోయిందని పీకేస్తాం. ఆ కాయలతోనే సోరెల్ చేసుకోవచ్చా? (గుంటూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: చేసుకోవచ్చండీ, పీకకండి! మొక్క జాతి ఒకటే, శాస్త్రీయ నామం హైబిస్కస్ సబ్దరిఫ్ఫా. మందారకి, బెండకి చుట్టం. మీరు కాయ అంటున్న దాంట్లో రెండు భాగాలుంటాయి. లోపల గింజలుండే పచ్చటి బుడ్డ కాయ, దాని చుట్టూ కండపట్టిన ఎర్రటి దొప్ప. స్కూల్ పుస్తకాల్లో రక్షక పత్రావళి అని చదువుకున్నామే, అదే. పువ్వు ఒక్కరోజులో వాడిపోతుంది, ఆ తరవాత ఈ దొప్ప ఊరి లావెక్కుతుంది. మనకి కావలసింది అదే, పూరెక్కలు కాదు, గింజలూ కాదు.

పువ్వు రాలిన సుమారు పది రోజులకి, దొప్ప గోటితో నొక్కితే పుటుక్కుమని విరిగేంత లేతగా ఉన్నప్పుడు కోయండి. ఇంకా ఆలస్యమైతే పీచుపట్టి పులుపు తగ్గుతుంది, లోపలి కాయ ఎండి పగులుతుంది. కోశాక తొడిమ దగ్గర చుట్టూ కత్తితో గీరి లోపలి కాయని బయటికి నెట్టేయాలి. ఇదొక్కటే విసుగు పని, అందుకే జమైకాలో పండగ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు, మీరూ పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. కాయ మీద సన్నటి నూగు ఉంటుంది, చేతులకి దురద పెడితే గ్లవుజులు వేసుకోండి.

తాజా దొప్పలైతే పైన చెప్పిన రెండు లీటర్లకి కాయ తీసేసినవి 600 గ్రాములు పడతాయి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. మనం ఆకు కోసం పెంచే రకాల్లో దొప్ప అంత కండగా ఉండకపోవచ్చు, రంగూ కొంచెం తక్కువే రావచ్చు, అలాంటప్పుడు దొప్పలు ఇంకొన్ని వేయండి. పచ్చ కాడ ఉన్న తెల్ల గోంగూర దొప్పలకి పులుపు ఉంటుంది కానీ ఎరుపు దిగదు. ఇంకోటి, ఆకు తుంచుతూ పోతే మొక్క కాయల మీదికి రాదు, ఒక రెండు మూడు మొక్కల్ని వినాయక చవితి దాటాక తుంచకుండా వదిలేయండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నార కోసం గోగు వేస్తాం. ఆ చేలో కాయలు బోలెడు. వాటిని ఎండబెట్టి అమ్ముకోవచ్చా?

జవాబు: ఆ కాయలు పనికిరావు, ఆశ పెట్టుకోకండి. నార కోసం వేసే రకం నిటారుగా, కొమ్మలు తక్కువగా, మనిషికి రెండింతలు పెరుగుతుంది. దాని బలమంతా కాడకే, కాయ చుట్టూ ఉండే దొప్ప పల్చగా, గరుకుగా, ముళ్లముళ్లుగా ఉంటుంది, నానబెట్టినా ఏమీ దిగదు. కొన్ని చేలల్లో వేసే గోగు అసలు వేరే జాతి కూడా. దొప్పల కోసమే అయితే పొట్టిగా, గుబురుగా పెరిగే ఎర్ర రకం విత్తనం విడిగా తెచ్చుకోవాలి, మొక్కకీ మొక్కకీ మధ్య బాగా దూరం ఇవ్వాలి. అమ్మకం సంగతికొస్తే, కొనేవాళ్లెవరో ముందు మాట్లాడుకుని, అప్పుడు విత్తనం వేయండి. ముందు కొద్ది సెంట్లలో వేసి చూడటం మంచిది.

ప్రశ్న: ఈ పానీయం క్రిస్మస్‌కే ఎందుకు తాగుతారు? ఎరుపు రంగు పండగ రంగు అనా? (హైదరాబాద్ నుంచి ఒక కాలేజీ విద్యార్థి)

జవాబు: రంగు కలిసొచ్చింది, కారణం మాత్రం మొక్కలోనే ఉంది. పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితే తప్ప ఈ మొక్క పూయదు. వానాకాలంలో ఎంత ఏపుగా పెరిగినా ఆకులే, పొద్దు తగ్గుతున్న కొద్దీ పూత పట్టి, నవంబర్, డిసెంబర్ నెలల్లో కోతకి వస్తుంది. జమైకా మన లాగే భూమధ్యరేఖకి ఉత్తరాన ఉంది, పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం, అంటే దాదాపు మన ఉత్తరాంధ్రకి సరిసమానం. అందుకే అక్కడ క్రిస్మస్‌కి కోతకొచ్చేది ఇక్కడ మీ ఇంటి వెనక కూడా అప్పుడే వస్తుంది. రాత్రంతా వీధి దీపం పడే చోట వేస్తే పూత ఆలస్యం కావచ్చు, పెరట్లో వేసుకునేవాళ్లు చూసుకోండి. ఇప్పుడు ఎండువి ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి, తొందరగా కాసే రకాలూ వచ్చాయి, అయినా అక్కడి వాళ్లకి సోరెల్ వాసన వస్తే పండగొచ్చినట్టే.

అదే నెలల్లో అక్కడ పచ్చి కందికాయలు కూడా దిగుతాయి. మామూలు రోజుల్లో రాజ్మాలాంటి ఎర్ర గింజలతో, కొబ్బరి పాలు పోసి వండే అన్నాన్ని క్రిస్మస్‌కి ఆ పచ్చి కందులతో వండుతారు. పక్కన మేక మాంసం కూర, నెలల తరబడి రమ్‌లో నానిన ఎండుపళ్లతో చేసిన నల్లటి కేకు, చేతిలో సోరెల్. ఆ కేకుది బరువైన తీపి, అది మొహం మొత్తకుండా ఉండాలంటే ఈ పులుపూ అల్లం ఉండాల్సిందే. విడిగా తాగినా బాగుంటుంది కానీ ఆ కేకుతో తాగినప్పుడే ఇది ఇలా ఎందుకు ఉందో అర్థమవుతుంది. కేకు చేయలేనివాళ్లు కనీసం బేకరీ ప్లమ్ కేకు పక్కన పెట్టుకుని తాగి చూడండి.

ప్రశ్న: మన వాళ్లు ఇంగ్లీషు వాళ్ల కాలంలో కూలీలుగా వెస్టిండీస్ వెళ్లారు కదా. గోంగూరని వాళ్లే అక్కడికి తీసుకెళ్లి ఉంటారని నా నమ్మకం. మీరు ఆ సంగతి రాయనే లేదు. (విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలోని అభిమానం నాకు అర్థమైంది, కానీ ఇది మాత్రం ఒప్పుకోలేను. తేదీలు చూడండి. జమైకాలో ఈ మొక్క 1707 నాటికే ఉన్నట్టు రాతలో ఉంది. భారతదేశం నుంచి ఒప్పంద కూలీల మొదటి ఓడలు ఇప్పటి గయానాకి చేరింది 1838లో, ట్రినిడాడ్‌కీ జమైకాకీ 1845లో. అంటే మన వాళ్లు దిగేసరికి అక్కడ సోరెల్ నూరేళ్లకి పైగా పాతుకుపోయి ఉంది.

దాన్ని అక్కడికి చేర్చింది ఆఫ్రికా. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అని ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు, మన గోంగూర కూడా ఏనాడో అక్కడి నుంచే వచ్చి ఉండాలి. బానిసల ఓడల్లో సంకెళ్లతో అట్లాంటిక్ దాటించిన మనుషులతో పాటే ఈ గింజా దాటింది, దాన్ని ఎలా వాడాలో తెలిసిన చేతులూ వాళ్లవే. ఈ రోజుకీ సెనెగల్‌లో ఇదే పానీయం బిస్సాప్, నైజీరియాలో జోబో, ఘానాలో సోబోలో, అక్కడ అల్లం వేసి చల్లగా తాగుతారు. పశ్చిమ ఆఫ్రికాలో మన లాగే ఆకునీ వండుకుంటారు. చెరకు తోటల్లో ఏడాదంతా గొడ్డుచాకిరీ చేసిన వాళ్లకి కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చిన కొద్ది రోజులు క్రిస్మస్ రోజులే, ఆ రోజులకి కోతకొచ్చిన పంట ఇది, ఆ తోటల చెరకు నుంచి పుట్టిన పంచదారా రమ్మూ ఇందులో కలిశాయి. ఇంత బాధ దాటి నిలబెట్టుకున్న దాన్ని మనం మనదని చెప్పుకోకూడదు మాస్టారూ. మొక్క ఒకటే కాబట్టి చుట్టరికం ఉంది, అది చాలు.

మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు, అది నిజం. కలకత్తా నుంచి వెళ్లినవాళ్లతో పోలిస్తే తక్కువమందే. ట్రినిడాడ్‌లో ఇప్పుడు భారత సంతతి ఇళ్లల్లో, హిందువులూ ముస్లిములూ కూడా, డిసెంబర్‌లో సోరెల్ చేసుకుంటారు. అక్కడ అది మతంతో పని లేని పండగ పానీయం. ట్రినిడాడ్ పద్ధతి కొంచెం వేరు. అల్లం తగ్గించి లేదా మానేసి, దాల్చిన చెక్క, లవంగం, అక్కడి బే ఆకు వేస్తారు, చివర్లో ఆ దేశంలోనే తయారయ్యే అంగొస్తూరా బిట్టర్స్ నాలుగు చుక్కలు వేసేవాళ్లూ ఉన్నారు. అల్లం ఘాటు పడని వాళ్లకి ఇదే మేలు. వాళ్ల బే ఆకూ మన బిర్యానీ ఆకూ వేరు వేరు చెట్లవి, మన ఆకు వేస్తే బిర్యానీ వాసన వస్తుంది, దాని బదులు ఏమీ వేయకపోవడమే నయం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎండు గోంగూర పువ్వు తెప్పించి చేశాను. అల్యూమినియం గిన్నెలో అరగంట మరిగించాను, చిక్కగా రావాలని. ఎరుపు పోయి ఊదా, గోధుమ మధ్య ఏదో రంగు వచ్చింది, నోట్లో పెట్టుకుంటే వగరు. సరుకు కల్తీనా? (నిజామాబాద్ నుంచి)

జవాబు: సరుకుది తప్పు కాకపోవచ్చు. మీ ఉత్తరంలోనే రెండు కారణాలున్నాయి. ఈ దొప్పలు బాగా పులుపు, నిమ్మరసం దరిదాపుల్లో ఉంటుంది, అంత పులుపు అల్యూమినియంలో మరిగితే లోహం దిగుతుంది, రంగూ మారుతుంది, రుచీ చెడుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి, ఇనుము కూడా వద్దు. స్టీలు, గాజు, లేదా పెచ్చులు ఊడని ఎనామిల్ గిన్నె వాడండి. చింతపండు పులుసుకి ఏ గిన్నె వాడరో దీనికీ అది వాడకండి.

రెండోది అరగంట మరిగించడం. ఎరుపుని ఇచ్చే పదార్థాలు ఆంథోసయనిన్లు, నేరేడులోనూ ఎర్ర క్యాబేజీలోనూ ఉండేవే. అవి ఎక్కువసేపు వేడికి తట్టుకోవు, గోధుమ రంగులోకి తిరుగుతాయి. అదే సమయంలో దొప్పల్లోని వగరు ఇంకా ఇంకా దిగుతూ ఉంటుంది. అంటే చిక్కదనం కోసం మరిగిస్తే కావలసింది పోయి అక్కర్లేనిది వస్తుంది. చిక్కగా కావాలంటే దొప్పలు పెంచండి, లేదా నానే సమయం పెంచండి.

మూడోది కూడా ఉండొచ్చు. మీది బోరు నీళ్లయితే, వాటిలోని సున్నపు గుణం పులుపుని చంపి ఎరుపుని ఊదా వైపు తిప్పుతుంది. తాగే ఫిల్టర్ నీళ్లతో చేయండి. రంగు కాస్త మసకగా ఉందనిపిస్తే వడకట్టాక ఒక నిమ్మకాయ పిండండి, కళ్ల ముందే తేటబడుతుంది. ఇప్పుడు చేసింది మాత్రం అల్యూమినియం దిగింది కాబట్టి పారబోసేయండి, బాగుచేయాలని చూడకండి.

ప్రశ్న: పంచదార బదులు బెల్లం వేయచ్చా? తేనె?

జవాబు: జమైకాలోనే చాలా ఇళ్లల్లో గోధుమ రంగు పంచదార వేస్తారు, కాబట్టి బెల్లం ఆలోచన తప్పేమీ కాదు. మన బెల్లం వండేటప్పుడు సున్నం వాడే అలవాటు ఉంది కాబట్టి పులుపు కాస్త తగ్గి రంగు మందగించవచ్చు, పైగా దాని వాసన పిమెంటోని మింగేస్తుంది. నా మాట వింటే సగం పంచదార, సగం లేత రంగు బెల్లం. తేనె వద్దు, అల్లం ముందు దాని రుచి తెలియదు, ఖర్చు దండగ.

ప్రశ్న: మా ఇంట్లో మందు ముట్టరు. రమ్ లేకపోతే అది సోరెల్ అవుతుందా? మా చర్చిలో క్రిస్మస్ రాత్రి అందరికీ పోయాలనుకుంటున్నాం. (ఏలూరు నుంచి)

జవాబు: నిక్షేపంగా అవుతుంది. అక్కడ కూడా పిల్లలకీ, మందు తాగనివాళ్లకీ వేరే జగ్గులో తీసి పెట్టాకే పెద్దవాళ్ల దాంట్లో రమ్ కలుపుతారు. రమ్ లేకపోతే ఒకటే తేడా, నిలవ ఉండదు. చల్లగా ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు. మీరు చర్చికి చేస్తున్నారు కాబట్టి 23న నానబెట్టి, 24 పొద్దున వడకట్టి, రాత్రికి పోసేయండి. వందమందికి తలా ఒక చిన్న కప్పు, అంటే 150 మిల్లీలీటర్ల చొప్పున 15 లీటర్లు, ఐసు కరిగి కలిసే నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి 12 లీటర్లు చేస్తే సరిపోతుంది. దానికి 450 గ్రాముల ఎండు దొప్పలు, 600 గ్రాముల అల్లం, పంచదార కిలోన్నరతో మొదలుపెట్టండి. అల్లం చిన్నపిల్లలకి ఘాటు అనిపిస్తే వాళ్ల వరకు నీళ్లు కలిపి పల్చన చేయండి. ఇంత మొత్తానికి అల్యూమినియం డేగిశాలే ఉంటాయి చర్చిల్లో, వాటిలో మాత్రం నానబెట్టకండి. అల్లం, మసాలా స్టీలు గిన్నెల్లో మరిగించుకుని, తాగే నీళ్లకి వాడే పెద్ద స్టీలు డ్రమ్ములో పోసి, వేడి మీద ఉండగానే దొప్పలు అందులో వేసేయండి.

ప్రశ్న: మా అబ్బాయి గయానాలో మెడిసిన్ చదువుతున్నాడు. వాళ్ల ఇంటి ఓనరమ్మ సోరెల్ సీసాలో నాలుగు బియ్యం గింజలు వేసి బయటే పెడుతుందట, కొన్ని రోజులకి నురగ వస్తుందట. మేమూ అలా చేయచ్చా?

జవాబు: అది వాళ్ల పాత పద్ధతే, అల్లం బీరుకీ అలాగే చేస్తారు. బయట పెట్టిన తీపి రసం పులుస్తుంది, గ్యాసు పుడుతుంది, కొద్దిగా ఆల్కహాల్ కూడా తయారవుతుంది. తాగితే నాలుక మీద చురుక్కుమంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ మూత బిగించిన గాజు సీసా మన ఎండలకి పేలిపోవచ్చు, ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. చేయాలనుంటే ప్లాస్టిక్ సీసాలో, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూత వదులుగా పెట్టి రెండు రోజులు ఉంచి, బుడగలు కనిపించగానే ఫ్రిజ్‌లోకి మార్చేయండి. బూజు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా పారబోయండి. పులిసిన దాన్ని పిల్లలకి, మందు ముట్టనివాళ్లకి ఇవ్వకండి.

ప్రశ్న: ఇది తాగితే బీపీ తగ్గుతుందని వీడియోల్లో చెబుతున్నారు. మా అత్తగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రోజూ ఇవ్వచ్చా?

జవాబు: రోజూ వద్దమ్మా. ఈ దొప్పల కషాయం తాగినవాళ్లలో బీపీ కొద్దిగా తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో తేలిన మాట నిజమే, కానీ క్రిస్మస్ సోరెల్‌లో లీటరుకి 125 గ్రాములకి పైగా పంచదార ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకి అది మందెలా అవుతుంది? పంచదార లేకుండా ఇచ్చినా, ఆవిడ ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటుంటే రెండూ కలిసి మరీ తగ్గించే వీలుంది. డాక్టర్‌ని అడగకుండా రోజువారీ అలవాటు చేయకండి, మాత్ర మానేసి దీని మీద ఆధారపడటం అసలే వద్దు. పండగ రోజు ఒక చిన్న గ్లాసు, తీపి తగ్గించి ఇవ్వాలనుకున్నా ఆ రోజు షుగర్ చూసుకుని ఇవ్వండి. గర్భిణులు దీన్ని మానేయడమే మంచిదని సాధారణంగా చెబుతారు, కడుపుతో ఉన్న కోడళ్లూ కూతుళ్లూ ఉన్న ఇళ్లవాళ్లు గమనించండి.

ప్రశ్న: వడకట్టాక మిగిలిన దొప్పలు పారేయాలా? చూస్తే ప్రాణం ఒప్పడం లేదు.

జవాబు: పారేయకండి, వాటిలో ఇంకా పులుపు ఉంటుంది. లవంగాలు, పిమెంటో గింజలు, అల్లం పీచు ఏరేసి, ఒకటో రెండో ఎండుమిరపకాయలు వేయించి, కొంచెం ఉప్పు, బెల్లం వేసి కచ్చాపచ్చాగా రోట్లో నూరి తాలింపు పెట్టండి. కమలా తొక్క ముక్క ఒకటి అరా పడినా బాగానే ఉంటుంది. వెస్టిండీస్‌లో వీటినే పంచదారతో ఉడికించి జామ్, పచ్చడి చేస్తారు. తాజా దొప్పలతో సోరెల్ చేసిన వాళ్లకి ఈ పచ్చడి ఇంకా బాగా కుదురుతుంది, ఎండువైతే పీచు కాస్త తగులుతుంది కాబట్టి మెత్తగా నూరుకోండి. రెండు మూడు రోజుల్లో తినేయాలి, ఇది నిలవ పచ్చడి కాదు.